తివాచీ తిరగేసి చూసే చోటు లేకుండా పోతోంది

సంపాదకులు గారికి,

తివాచీల హోల్‌సేలర్లు ఎగ్జిబిషన్లు మానేసి సొంత షోరూములకు మళ్లుతున్నారని పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. అదేదో అభివృద్ధి అన్నట్టు రాశారు. నెల్లూరు, కావలి, ఒంగోలులో చిన్న కొట్టు పెట్టుకుని నాలుగు తివాచీలు, పది జంపఖానాలు అమ్ముకునేవాళ్లకు దీనివల్ల ఏం పోతుందో మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

హోల్‌సేలర్ల ఇబ్బంది కాదనలేం. 9 అడుగులకు 12 అడుగుల ఉన్ని తివాచీ దాదాపు 40 కిలోలు తూగుతుంది. ఉత్తరాదిలో తివాచీలు నేసే భదోహి నుంచో పానిపట్ నుంచో లారీలో తెచ్చి, మూడు రోజుల కోసం దించి, అడిగినవాడికల్లా పరిచి మళ్లీ చుట్టాలి. చుట్టిన ప్రతిసారీ అంచు నలుగుతుంది. కొనేవాళ్లకంటే సెల్‌ఫోన్‌లో డిజైన్ ఫొటో తీసుకుపోయేవాళ్లే ఎక్కువ. నెల తిరక్కుండా అదే పువ్వు మిషన్ సరుకులో తేలుతుంది. పైగా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచడంతో ఎగుమతిదారులకు ప్రతి రూపాయీ లెక్కే అయింది. షోరూములో అయితే సరుకు కదిలించే పని లేదు, గోడ ఫ్రేములకు తగిలించి ఒక్కొక్కటే తిప్పి చూపిస్తే సరిపోతుంది.

మరి కొనేవాడి సంగతి? ఎగ్జిబిషన్‌లో పక్కపక్క స్టాళ్లలో ఒకే రకం సరుకు ఉంటుంది. పట్టపగటి వెలుతురులో తివాచీ మూల పట్టుకుని తిరగేస్తే సగం నిజం అక్కడే బయటపడుతుంది. చేత్తో ముడివేసి నేసినదైతే వెనకవైపు కూడా పువ్వు స్పష్టంగా కనిపిస్తుంది, కుచ్చులు పడుగు దారాల (నిలువు పోగుల) కొసలే అయి ఉంటాయి. మిషన్ సరుకుకు కుచ్చులు విడిగా కుట్టి ఉంటాయి. వెనక గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్, అంటే గన్‌తో ఉన్ని గుచ్చి లేటెక్స్ జిగురుతో పట్టించింది. మన కోస్తా ఉక్కపోతకు కొన్నేళ్లలోనే ఆ జిగురు పెళుసెక్కి, ఊడ్చినప్పుడల్లా కింద పొడి రాలుతుంది, వాసన కొడుతుంది. అయినా చేతి తివాచీ అనే అమ్ముతారు. అంగుళానికి అడ్డం పది, నిలువు పది ముడులుంటే చదరపు అంగుళానికి 100. స్కేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు.

‘బాంబూ సిల్క్’, ‘ఆర్ట్ సిల్క్’ అంటూ అమ్మేది చాలామటుకు విస్కోస్, అంటే చెక్క గుజ్జుతో తీసిన కృత్రిమ దారం. నీళ్లు ఒలికితే అక్కడ పీచు గట్టిపడి పసుపు రంగు మచ్చ కడుతుంది. ఒక్క పోగు లాగి కాలిస్తే తెలిసిపోతుంది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. విస్కోస్ కాగితం కాలిన వాసన వేస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తేలుతుంది. రెండు నిమిషాల పని. కానీ షోరూముకైతే ముందే టైము అడిగి, జీఎస్టీ నంబరు చెప్పుకుని, పసుపు లైట్ల కింద ఏసీ గదిలో కూర్చుని, వాళ్లిచ్చిన కాఫీ తాగాక అగ్గిపుల్ల ఇవ్వమనడానికి ఎవరికి నోరొస్తుంది?

కొలతా అంతే. చేతి నేతలో అంగుళం అటూ ఇటూ సహజం. అయితే 9x12 అన్నది టేపు పెడితే 8 అడుగుల 8 అంగుళాలు, 11 అడుగుల 7 అంగుళాలు వస్తే అది 100 చదరపు అడుగుల పైచిలుకే. బిల్లు మాత్రం 108కి వేస్తారు. అడుగు 400 రూపాయల సరుకైతే మూడు వేలు పోయినట్టే. పక్క స్టాలు ఉన్నచోట ఈ పని చేయడానికి జంకుతారు.

అసలు హోల్‌సేలర్లు ఎందుకు వెళ్లిపోతున్నారో మన అధికారులకు తెలియదా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పడే ఊళ్లలో ఆ నెలల్లోనే టార్పాలిన్ పట్టాల కింద స్టాళ్లు వేయిస్తారు. నేల మీద అరడుగు ఎత్తు చెక్క కూడా వేయరు. ఒక రాత్రి నీళ్లు చేరితే ఉన్ని రోజుల తరబడి ఆరదు, లోపలి నూలు పడుగు కుళ్లుతుంది. అద్దె వసూలులో ఉన్న శ్రద్ధ కాలువ తీయించడంలో లేదు. మరుగుదొడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇది తివాచీలతో ఆగదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ వాటిని నేసేవాళ్లు ఏసీ షోరూము పెట్టగలరా? పాటూరు, వెంకటగిరి నేతగాళ్లు పెట్టగలరా? వెంకటగిరి జాందానీ (మగ్గం మీదే పువ్వు నేసే పద్ధతి) గొప్పతనమే బుటా రెండువైపులా ఒకేలా ఉండటం. చీర తిరగేసి చూపిస్తేనే కదా అది తెలిసేది! 2015 నుంచి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరిపి ఫొటోలు దిగుతున్నారు. నేతగాడు తన సరుకు తానే పరుచుకుని అమ్మే నాలుగు గజాల పొడి నేల చూపించడం మాత్రం ఎవరికీ పట్టదు.

అధికారులారా, ఎగ్జిబిషన్‌ను జనవరి, ఫిబ్రవరి నెలలకు మార్చండి. స్టాళ్లకు చెక్క నేల వేయించండి. గేటు దగ్గర తూనికలు కొలతల ముద్ర ఉన్న టేపు, ఒక కాటా పెట్టించండి. సంపాదకులు గారూ, ఈసారి స్టాళ్లు వేసేటప్పుడు మీ విలేకరిని కూడా పంపండి, ఆ నేల తడి చేత్తో తాకి చూసి రాయమనండి.

ఇట్లు,
ఒక జౌళి వ్యాపారి, నెల్లూరు