పొగ చూసి నొక్కాలి

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. వానలకి రెండ్రోజులుగా బీచ్ రోడ్డు వాకింగ్ లేదు. మీ అమ్మ మోకాలికి కొత్త నూనె రాస్తోంది, పాతదానిలాగే ఇదీ పనిచెయ్యట్లేదు. నువ్వు ఫోన్ ఎత్తి పంతొమ్మిది రోజులయింది. పనిగట్టుకుని లెక్కపెట్టలేదులే, పాల లెక్క రాసే కేలెండర్ ఎదురుగానే ఉంటుంది కదా.

నిన్న రైతుబజార్లో పార్వతీశం కొడుకు కనిపించాడు. నువ్వు ఆ స్పీడ్‌రన్లకి, అదే వీడియో గేమ్‌ని ఎవరు తొందరగా ముగిస్తారో అనే పోటీలకి, జడ్జివనీ, నీ స్నేహితుడి రికార్డే చెల్లదన్నావనీ, అందరూ తిడుతుంటే రాత్రులు పడుకోవట్లేదనీ చెప్పాడు. మీ అమ్మకి చెప్పలేదు. అంటే, సగమే చెప్పాను.

నేనూ కంప్యూటర్ ముందు కూర్చుని కొంత చదివాను. 2020లో మైన్‌క్రాఫ్ట్ గేమ్ ఆడే డ్రీమ్ అనే అతని ఆరు లైవ్ స్ట్రీములు చూసి, ఆటలో అతనికి దొరికిన సరుకంతా లెక్కకట్టి, అంత అదృష్టం 7.5 లక్షల కోట్లలో ఒకసారి అని మీలాంటి జడ్జీలు 29 పేజీలు రాశారట. అతను ఒప్పుకోలేదు. 2021లో తనే చెప్పాడు, తెలియక ఏదో మోడ్, అంటే గేమ్‌ని మార్చేసే ప్రోగ్రామ్, నడిచిందని. ఆ మధ్య నెలల్లో ఆ జడ్జీలు వేళకి అన్నం తిన్నారో లేదో. నువ్వు తింటున్నావా? ఆ డ్రాగ్‌స్టర్ అనే కారు రేసు గేమ్‌లో 5.51 సెకన్లయితే 1982 నుంచీ ఉన్న రికార్డు. ప్రోగ్రామ్ విప్పి చూస్తే 5.57 కన్నా తగ్గదని తేలి 2018లో తీసేశారు. ఏ సాక్ష్యం చూపించాలో ముందే గట్టిగా అడగకపోతే ముప్పై అయిదేళ్ళు అలాగే ఉండిపోతుంది మరి.

మన శీనుగాడి పరుగు సంగతి నీకు చెప్పానా? చెప్పినా మళ్ళీ విను. స్కూలు పిల్లల పోటీలు, వంద మీటర్లు. మొదటివాడికి మూడు వాచీలు పెట్టాం, ఒకటి నాది. తుపాకీ పొగ కనిపించగానే నొక్కాలి, చప్పుడు విని కాదు. చప్పుడు వంద మీటర్లు నడిచి వచ్చేసరికి సెకనులో మూడు పదో వంతులు పోతాయి. మూడో మాస్టారు ఆ క్షణంలో వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాడు. పొట్టు నలుగుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆలస్యంగా నొక్కిన ఆయన వాచీలో 11.6, నాది 11.9, ఇంకొకరిది 12.0. స్కూలు రికార్డు 11.7. మీ పెద్దత్త టెంటు కిందనించి పరిగెత్తుకొచ్చి, "ఒక వాచీ ఇస్తోంది కదరా, అదే రాసేస్తే నీ సొమ్మేం పోయింది?" అంది. మూడూ వేరయితే మధ్యది రాయాలని రూలు. 11.9 రాశాను. సంక్రాంతి దాకా అత్త మన గుమ్మం తొక్కలేదు.

రాసింది సబబే. కానీ మేనల్లుడు పరిగెడుతుంటే నేను వాచీ పట్టుకోకూడదు, అది నా తప్పు. అందుకే అడుగుతున్నా, ఆ స్నేహితుడి వీడియో నువ్వే ఎందుకు చూశావు? ఇంకో ఇద్దరికి ఇవ్వలేకపోయావా? టైము బటన్ నొక్కినప్పటి నుంచా, బొమ్మ కదిలినప్పటి నుంచా అన్నది పోటీకి ముందే రాసి ఉందా? సెకనుకి అరవై బొమ్మలయితే అక్కడ రెండు మూడు బొమ్మల తేడాకే రికార్డు మారిపోతుంది. లోడింగ్ టైము తీసేస్తారా, ఎమ్యులేటర్‌ని, అంటే గేమ్ మిషన్‌లా నటించే ప్రోగ్రామ్‌ని, అసలు మిషన్‌తో కలిపి చూస్తారా, ఇవన్నీ రాసి లేకపోతే ఇప్పుడు రాయండి. కొత్త రూలు మాత్రం రేపు ఆడేవాడికి పెట్టండి, నిన్న ఆడి వెళ్ళిపోయినవాడి మీద కాదు. మోసం చేశాడనుకో, అది వేరే. అప్పుడయినా ఏ సెకను దగ్గర ఏం కనిపించిందో వాడికి చూపించి చెప్పాలి.

ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. రిటైరయినా పీఈటీ మాస్టారు నోరు ఊరుకోదు.

తిట్టేవాళ్ళకి రాత్రి పూట జవాబులు రాయకు. కళ్ళకి చన్నీళ్ళు కొట్టుకో. శీనుగాడు మొన్న వచ్చి నీ గురించే అడిగాడు. ఆ 11.9 మీద వాడికి కోపం లేదట, వాళ్ళమ్మకే ఇంకా ఉంది.

మీ అమ్మ మాడుగుల హల్వా, ఆవకాయ కట్టింది. మూతకి రెండు పొరలు ప్లాస్టిక్ చుట్టి, మళ్ళీ విప్పి, నూనె చాలలేదని ఇంకాస్త పోసింది. రేపు కాంప్లెక్స్‌లో బస్సుకి వేస్తాను. నీ నంబరే ఇస్తున్నా. వాళ్ళు చేసినప్పుడైనా ఫోన్ ఎత్తు, లేకపోతే హల్వా తిరిగి వైజాగే వచ్చేస్తుంది.

మీ నాన్న