బడుల్లో చిత్రకళా చికిత్స: రంగుల పెట్టెలు పంచితే సరిపోదు

సంపాదకుల వారికి,

నమస్కారం. విశాఖపట్నంలో పదిహేడేళ్ల నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ గానీ, మనస్తత్వ నిపుణులు గానీ, సామాజిక కార్యకర్త గానీ ఒక్కరైనా ఉండాలని, చిన్న సంస్థలు బయటి నిపుణుల సాయం తీసుకోవాలని, బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలని అందులో ఉంది. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఈ నియామకాలు చేసేటప్పుడు చిత్రకళా చికిత్సలో (బొమ్మలు, రంగులు, మట్టితో మనసులోని బాధను బయటికి తెచ్చే ఆర్ట్ థెరపీలో) శిక్షణ పొందినవారికీ చోటివ్వాలని, వారి సేవ పిల్లలతో పాటు సిబ్బందికీ అందాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇంట్లో తెలుగో, ఇక్కడి కొండల గిరిజనుల భాష సవరో మాట్లాడుతూ బడిలో ఒడియాలో చదివే పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఒడియాలో "నీ బాధేమిటో చెప్పు" అంటే, వాడు తల దించుకుని గోళ్లు గిల్లుకుంటాడే తప్ప నోరు విప్పడు. అదే పిల్లవాడికి ఒక కాగితమూ కాస్త బంకమట్టీ ఇచ్చి, తొందరపెట్టకుండా పక్కన కూర్చుంటే, చెప్పదలచుకున్నది ముందు చేతి మీదుగా వస్తుంది. మాట తరువాత దానంతటదే వస్తుంది, ఒక్కోసారి రాకపోయినా నష్టం లేదు.

అయితే దీన్ని డ్రాయింగు పీరియడుతో కలిపేస్తారేమోనని నా భయం. నేను డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయినవాణ్ణి కాబట్టి ఈ తేడా చెప్పే హక్కు నాకుందనుకుంటాను. మేము గీత తిన్నగా ఉందా, రంగు అంచు దాటిందా అని చూస్తాం, మార్కులు వేస్తాం, బాగున్నవి గోడకు అంటిస్తాం. ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు క్షయతో శానిటోరియంలో ఉండగా తనకు మేలు చేసిన పనికి 1942లో ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు. ఆ పద్ధతిలో ఈ మూడూ ఉండవు. బొమ్మ బాగుండాల్సిన అవసరం లేదు. నల్లరంగు వేస్తే దిగులనీ, ఎరుపు వేస్తే కోపమనీ జాతకం చెప్పినట్లు చెప్పరు. ఆ బొమ్మలో ఏముందో పిల్లవాడే చెప్పే దాకా ఆగుతారు. వేసిన కాగితాలను బీరువాలో భద్రపరుస్తారు, నోటీసు బోర్డుకు ఎక్కించరు, తోటి ఉపాధ్యాయులకు చూపించరు. వారానికి ఒకే రోజు, ఒకే గది, అదే మనిషి అన్న క్రమాన్ని తప్పనివ్వరు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాలో కొండచరియలను విరిచి పడేసిన తరువాత, నేనున్న బడిలో ఒక నాలుగో తరగతి పిల్ల ప్రతిరోజూ ఒక కొండ వేసి, దాని మీద కాగితం చిరిగేంతగా నల్ల క్రేయాన్ రుద్దేది. రంగంతా తగలేస్తోందని ఒక టీచరమ్మ పెట్టె లాక్కున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు; ఆ వారమంతా ఆవిడ సొంత ఇంటికే పైకప్పు లేదు. అలాంటి పిల్లతో ఎలా మెలగాలో ఆవిడకు గానీ మిగతా స్టాఫుకు గానీ ఎవరూ ఎన్నడూ నేర్పలేదు.

సిబ్బంది మాట ఎత్తడానికి కారణం ఇదే. మధ్యాహ్న భోజనం బియ్యం లెక్కలు, ఎన్నికల విధులు, ఫోనులో ఎక్కించాల్సిన హాజరులు మోసే ఉపాధ్యాయుడికి, ఆశ్రమ పాఠశాల హాస్టల్లో రాత్రిపూట ఇంటి మీద బెంగతో ఏడ్చే ఆరేళ్ల పిల్లలను నిద్రపుచ్చే మేట్రనుకు సెమినారులో ఇచ్చే ఉపన్యాసం వల్ల ఒరిగేది తక్కువ. హాస్టల్లో ఒక బిడ్డ జ్వరంతో పోతే మేట్రనుకు అందేది సంజాయిషీ నోటీసు. ఆమె దుఃఖాన్ని అడిగేవారుండరు. నెలకొకసారి గంటన్నర సేపు, హెడ్మాస్టరు గానీ అధికారి గానీ లేకుండా, నలుగురైదుగురు సిబ్బంది నిపుణులతో కూర్చుని మట్టితోనో రంగులతోనో పనిచేసే ఏర్పాటు కావాలి. అందులో జరిగినది సర్వీసు రికార్డులోకి ఎక్కకూడదు.

ఇక్కడి సవర ఊళ్లలో ఇంటి గోడ మీద ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండితో ఇడితల్ బొమ్మలు వేసే ఆచారముంది. జబ్బు చేసినప్పుడు పెద్దలను, దేవతలను తలుచుకుని వేయించడమూ ఉంది. అది పూజ, దాన్ని చికిత్స అనడం తప్పు. కాని కష్టకాలంలో బొమ్మ వేయడం ఈ కొండలకు కొత్త సంగతేమీ కాదని మాత్రం అధికారులు గుర్తించవచ్చు.

బడికొక చిత్రకళా చికిత్స నిపుణుణ్ణి వేయలేమంటారు, నిజమే. బ్లాకుకు ఒకరిని వేసి, వారంలో ఒక్కో రోజు ఒక్కో బడికి పంపవచ్చు. తల్లిదండ్రుల అనుమతితోనే మొదలుపెట్టాలి. వైద్యం అవసరమైన పిల్లలను బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగానికి పంపే దారి ముందే ఖాయం చేసుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి స్టాఫు రూములో రాసి ఉంచడానికి ఖర్చేమీ లేదు. బ్రిటన్‌లో చట్టప్రకారం నమోదైనవారు తప్ప ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకోకూడదు. మన దగ్గర రెండు రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్ చూపినవారిని తీసుకునే పని జరగకూడదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలో చదువు చెప్పించిన ఊరు మాది. ఈ మూడు జిల్లాల కలెక్టర్లు కౌన్సెలర్ పోస్టులకు ప్రకటన ఇచ్చేటప్పుడు ఒడియాతో పాటు తెలుగు గానీ సవర గానీ మాట్లాడగలగడాన్ని తప్పనిసరి అర్హతగా చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.