1808 నాటి 10 కాసుల నాణెంతో మీరు పంపిన ధ్రువపత్రంలోని తప్పుల గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

'అడ్మిరల్ గార్డ్‌నర్' ఓడ శిథిలాల్లో దొరికిన 1808 నాటి 10 కాసుల రాగి నాణేన్ని గత నెల మీ సంస్థ వద్ద కొన్నాను. నాణెం అసలైనదే, నా ఫిర్యాదంతా విడిగా రుసుము తీసుకుని మీరు జతచేసిన ధ్రువపత్రం మీద. "ఎందరో పేదల చేతులు మారిన ఈ నాణేలు పదహారు ఇస్తే రూపాయి వచ్చేదని, ఈస్టిండియా కంపెనీ తెచ్చిన ఈ స్థిరమైన చిల్లర సామాన్యులకు మేలు చేసిందని" అందులో రాశారు.

ఈ నాణెం ఏ పేదవాడి చేతికీ అందలేదు. ఇంగ్లండులోని సోహో టంకశాలలో ముద్రించి మద్రాసు ప్రెసిడెన్సీకి పంపుతుండగా, 1809 జనవరిలో ఓడ ఇంగ్లండు తీరం దగ్గరి గుడ్విన్ ఇసుక దిబ్బల మీద మునిగిపోయింది. ఇక లెక్క చూస్తే, మద్రాసులో 80 కాసులు ఒక ఫణం, 12 ఫణాలు ఒక రూపాయి. కాబట్టి రూపాయికి ఇవి 96 కావాలి. రూపాయికి పదహారు అన్నది అణాల లెక్క.

అన్నిటికన్నా బాధ కలిగించింది 'స్థిరమైన' అన్న మాట. బంగారు వరహాకు 42 ఫణాలని కంపెనీ లెక్క కట్టినా, బజారులో ఆ మారకం పడుతూ లేస్తూ 45 దాకా పోయేది. చిల్లరగా కూలి పుచ్చుకున్నవాడు, చిల్లరకే పంట అమ్ముకున్న రైతు, వరహాల్లో లెక్కకట్టిన బాకీ తీర్చవలసి వచ్చినప్పుడు ఆ మూడు ఫణాల తేడా తామే భరించాలి, దానిపైన నాణేలు మార్చే షరాబుకు వట్టం (మారకపు రుసుము) కూడా ఇచ్చుకోవాలి. చిల్లర విలువ పడిపోతే నష్టం చిల్లర తప్ప మరొకటి చేతిలో లేనివాడిదే. 1818లో వెండి రూపాయిని ప్రమాణంగా ప్రకటించి, 100 వరహాలకు 350 రూపాయలని నిర్ణయించేదాకా మద్రాసు ఖాతాలు వరహాల్లోనే నడిచాయి.

తెలుగు కొనుగోలుదారులకు అమ్ముతూ, 10 కాసుల నాణెం దుడ్డు అనీ, 20 కాసులది డబ్బు అనీ, మనం ఈనాటికీ సొమ్ముకు వాడే మాటలు ఆ రాగి బిళ్లల పేర్లేననీ ఒక్క వాక్యమైనా రాయకపోవడం లోపమే అనుకుంటాను, అయితే దానికి పరిహారం అడగను.

దయచేసి ధ్రువపత్రాన్ని సవరించి నాకూ, ఇదే నాణెం కొన్న మిగతావారికీ పంపండి. లేదా 30 రోజుల్లోగా దానికి తీసుకున్న రుసుము తిరిగి చెల్లించండి. నాణెం నా వద్దే ఉంచుకుంటాను. రసీదు నకలు జతచేశాను.

భవదీయుడు,
మీ కొనుగోలుదారు