ఐదున్నర శ్రుతి

ఇర్వింగ్, టెక్సస్
6 అక్టోబరు 2002

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. ఆదివారం ఫోన్లో నీ గొంతు వినపడగానే చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోతాను, ఈలోగా కార్డులో నిమిషాలు అయిపోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. రేపట్నుంచి నవరాత్రులు. ఈపాటికి అటక మీంచి బొమ్మల పెట్టె దింపించి, ఒక్కో బొమ్మనీ తడిగుడ్డతో తుడుస్తూ ఉంటావు. ఏనుగు అంబారీ తొండం విరక్కుండా చూసుకో, దానికి పోయినసారే జిగురు పెట్టాం.

వేసవంతా ఏం చేశావని అడిగావు. పాటల పోటీ చూశానమ్మా. నిజంగా అదే చేశాను.

మీ అల్లుడుగారి ఆఫీసులో మార్చి నుంచీ మనుషుల్ని తీసేస్తున్నారు. పక్కన రిచర్డ్‌సన్‌లో టెలికాం కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అయ్యాయి. మనవాళ్ళే ఎన్ని కుటుంబాలు సోఫాలూ మంచాలూ అమ్ముకుని వెళ్ళిపోయాయో. ఈయన పొద్దున ఏడింటికి వెళితే రాత్రి ఎనిమిదికి వస్తారు, వచ్చినా మాట ఉండదు. నా వీసాకి ఉద్యోగం చెయ్యకూడదు. కారు ఆయనతో వెళుతుంది. బయట ఎండ మన రోహిణి కార్తెని తలపించేది. అలాంటి రోజుల్లో జూన్ 11న ఫాక్స్ చానెల్లో 'అమెరికన్ ఐడల్' అని మొదలైంది. ఇంగ్లండులో ఇలాంటిదే ఒకటి జరిగి, ఫిబ్రవరిలో విల్ యంగ్ అనే అబ్బాయి గెలిచాడట. అదే పోటీని ఇక్కడికి తెచ్చారు.

పదహారు నుంచి ఇరవై నాలుగేళ్ళ లోపు పిల్లలు ఎవరైనా రావచ్చు. ఏడు ఊళ్ళలో పరీక్షలు పెట్టారు, డాలస్ అందులో ఒకటి. మొత్తం 10,000 మంది దాకా వచ్చారు. ముప్ఫైమందిని ఏరి, అందులోంచి పదిమందిని తీసి, అక్కణ్ణుంచి మంగళవారం పాడించడం, బుధవారం ఫలితం చెప్పడం. వారానికో రకం పాటలు ఇచ్చేవాళ్ళు, ఒకవారం డెబ్భైల నాటివి, ఇంకోవారం పెద్ద పెద్ద వాద్యబృందాల కాలంవి. ముగ్గురు జడ్జీలు. ర్యాండీ జాక్సన్ బేస్ గిటారు వాయించినవాడు, పౌలా అబ్దుల్ పాడుతుంది, నాట్యం చేస్తుంది, సైమన్ కోవెల్ ఇంగ్లండులో రికార్డుల కంపెనీ మనిషి.

ఈ సైమన్ గురించి నీకు చెప్పాలి. పాడిన పిల్ల ఎదురుగా నిలబడి ఉండగానే, నీకు పాట రాదు, ఇంకే పనైనా చూసుకో అనే ధోరణిలో మాట్లాడతాడు. మొదటి వారాల్లో అవే ఎక్కువ చూపించారు. లోపల పాడి, తలుపు తెరుచుకుని ఏడుస్తూ బయటికొచ్చే పిల్లలు. బయట తల్లో స్నేహితురాలో నిలబడి ఉంటారు, వాళ్ళ భుజం మీద పడి ఏడుస్తారు. దాన్నీ కెమెరాలో తీస్తారు. నిజం చెబుతున్నాడు కదా, మంచిదేగా అంటారు ఇక్కడ చాలామంది. చెప్పేది చాలాసార్లు నిజమే, అతని చెవి మంచిదే. కానీ నిజం చెప్పడానికి అంతమంది చూస్తూ ఉండక్కర్లేదమ్మా. మన ఈటీవీలో 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు వీధిలో పిల్లలందరూ మనింట్లోనే ఉండేవాళ్ళు గుర్తుందా? అక్కడా తప్పులు పాడేవాళ్ళు. బాలుగారు ఎక్కడ జారిందో ఆ చోటు తనే పాడి చూపించి, మళ్ళీ అనమనేవారు. పిల్ల మొహం చిన్నబోయేది కాదు. నువ్వు హార్మోనియం మీద వేలు అలాగే నొక్కి ఉంచి "మళ్ళీ" అనేదానివి చూడు, అలా.

నాకు పన్నెండేళ్ళప్పటి సంగతి మనమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ పాటల పోటీలో జడ్జీగారు మైకులోనే "పాఠం వచ్చు గానీ గొంతు లేదమ్మాయ్, కూర్చో" అన్నారు చూడు. హాలంతా నవ్వింది. నేను ఆ రోజు నుంచి నీ క్లాసులో చాప మీద వెనక వరసలో కూర్చుని తాళం వేశానే గానీ పాడలేదు. నువ్వూ అడగలేదు. నొప్పి తగ్గనిద్దామనుకున్నావేమోనని ఇప్పుడనిపిస్తోంది. అప్పట్లో మాత్రం, నువ్వు కూడా ఆయన మాటే నమ్మావనుకున్నాను. ఈ మాట రాయడానికే ఇంత ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ పిల్లలు ఏడుస్తుంటే టీవీ కట్టేద్దామని రెండుసార్లు రిమోట్ తీసుకున్నాను. అప్పుడొచ్చింది కెల్లీ క్లార్క్‌సన్. డాలస్‌లోనే పాడింది. ఇరవై ఏళ్ళ పిల్ల. జడ్జీల ముందు బెదురు లేదు. పాడటం అయ్యాక ర్యాండీ లేచి ఆమె స్థానంలో నిలబడితే, ఈ పిల్ల వెళ్ళి జడ్జీ కుర్చీలో కూర్చుంది. వాళ్ళది బర్లసన్ అని ఫోర్ట్‌వర్త్‌కి దక్షిణాన చిన్న ఊరు, ఇక్కణ్ణుంచి కారులో ముప్పావుగంట. తల్లి ఒకటో తరగతి టీచరు. ఈ పిల్ల పాటల కోసం లాస్ ఏంజిలస్ వెళితే అద్దెకున్న ఇల్లు కాలిపోయిందట, ఊరికి తిరిగొచ్చేసి బల్లల దగ్గర డ్రింకులు అందించే పనిలో చేరింది. అప్పటికి ఈ పోటీ వచ్చింది. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఏడో తరగతిలో బడి వరండాలో తనలో తను పాడుకుంటుంటే అటుగా వెళుతున్న పాటల టీచరమ్మ విని, వచ్చి మా బృందంలో చేరు అందట. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంకో అబ్బాయి గురించి కూడా చెప్పాలి, జిమ్ వెరారోస్. వాళ్ళమ్మానాన్నలిద్దరికీ చెవులు వినపడవు. మొదటి పరీక్షలో అతను పాడుతూనే చేతులతో ఆ మాటలన్నీ సైగల భాషలో చెప్పాడు. అదేదో మెప్పించడానికి చేసినట్టు లేదు. వేళ్ళు పాటకంటే ఒక రవ్వ ముందు వెళ్ళేవి, గొంతు వాటి వెనక వచ్చేది. కొడుకు పాట ఒక్కసారి కూడా చెవితో వినని తల్లి ఆ చేతుల్ని ఎలా చూస్తుందో అని చాలాసేపు ఆలోచించాను. పదిమందిలోకి వచ్చాడు గానీ మొదటి వారమే వెళ్ళిపోయాడు.

ఓట్లు వేసేది జనమే. పాడటం అయ్యాక రెండు గంటలపాటు ఒక్కొక్కరికీ ఒక్కో ఫోన్ నంబరు, డబ్బులక్కర్లేదు, ఎన్నిసార్లైనా చెయ్యొచ్చు. ఎప్పుడు చేసినా ఎంగేజ్ శబ్దమే. ఫోను చెవికి ఆనించుకుని గిన్నెలు తోమేదాన్ని, బొటనవేలితో రీడయల్ నొక్కుతూ. తగిలిన రోజు ఓటు వేసినందుకు థాంక్స్ అని రికార్డు గొంతు చెప్పేది, ఆ వారమంతా మనసు తేలిగ్గా ఉండేది. ఈ దేశంలో ఓటు లేని మనిషిని, బ్యాంకు ఖాతాలో కూడా రెండో పేరు నాది. నన్ను ఒకరు ఏదో ఒకటి ఎంచుకోమన్నది ఇదొక్కటే.

జనం ఓటు ఎప్పుడూ సరిగ్గా ఉండదు. జార్జియా నుంచి వచ్చిన టమైరా గ్రే అని ఒక పిల్ల, నా ఉద్దేశంలో అందరిలోకీ చక్కటి గొంతు తనదే. నలుగురు మిగిలినప్పుడు ఆమెకే తక్కువ ఓట్లొచ్చాయి. ఆ మర్నాడు లాండ్రీ గదిలో ఒకావిడ కనిపించింది. నల్లజాతి ఆవిడ, అరవై దాటి ఉంటాయి, ఆదివారాలు చర్చిలో పాడుతుంది. టమైరా పోటీలోంచి వెళ్ళిపోయినందుకు సొంత మనవరాలికి అన్యాయం జరిగినట్టు బాధపడుతోంది. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెట్టాం. తర్వాత ఆవిడ డ్రయర్ దగ్గరికి వెళ్ళింది, నేను తువ్వాళ్ళు మడత పెట్టుకుంటున్నాను. మిషన్ల చప్పుడులో ఎవరికీ వినపడదనుకున్నానో ఏమో, మోహన రాగంలో గీతం వచ్చేసిందమ్మా. చిన్నప్పుడు నువ్వు చెప్పినదే. పల్లవి దాటేసరికి డ్రయర్ ఆగిపోయింది, గది నిశ్శబ్దమైంది, నా గొంతు ఒక్కటే ఉంది. గబుక్కున ఆపేశాను. ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. "ఆపకు, తేనే" అంది. ఇక్కడ పెద్దవాళ్ళు ముద్దుగా అలా పిలుస్తారు. చివరిదాకా పాడాను. మధ్యలో ఒకచోట శ్రుతి దిగింది, నాకే తెలిసింది. పదిహేనేళ్ళయింది కదా.

ఆ తర్వాత రెండు వారాలకి పోటీ అయిపోయింది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు మా చుట్టుపక్కలవాళ్ళే. నిక్కీ మెకిబిన్‌ది పక్కనే ఉన్న గ్రాండ్ ప్రేరీ. ఆమె వెళ్ళిపోయాక కెల్లీ, పెన్సిల్వేనియా అబ్బాయి జస్టిన్ గ్వారీనీ మిగిలారు. అతను ఉంగరాల జుట్టబ్బాయి, ఆడపిల్లల ఓట్లన్నీ అతనికేనన్నారు. చివరి పాటలు ఈ మార్చిలో ఆస్కార్లు ఇచ్చిన కొడాక్ థియేటర్లో. అరీథా ఫ్రాంక్లిన్ 'రెస్పెక్ట్' పాడింది కెల్లీ. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మీ అల్లుడుగారు ఆ రోజు పెందలాడే వచ్చారు, నా పక్కనే నిలబడ్డారు, రెండో ఫోను (ఆయన సెల్లు) తీసి ఆయనా నొక్కారు. ఎన్ని నెలలకో ఇద్దరం ఒకే పని చేశాం.

మర్నాడు సెప్టెంబరు 4న ఫలితం. కోటీ యాభై ఐదు లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, నూటికి 58 కెల్లీకి. గెలిచినవాళ్ళు పాడాలని ముందే కొత్త పాట తయారుచేసి ఉంచారు. పాడుతూ ఏడ్చేసింది. గొంతు పూడుకుపోతోంది, మింగుతోంది, మళ్ళీ అందుకుంటోంది. ఓడిపోయిన పిల్లలందరూ స్టేజీ మీదికొచ్చి చుట్టూ నిలబడ్డారు. పోయినవారం కంటే ఘోరంగా పాడిందని ఎవరైనా అంటే అనొచ్చు. నాకు మాత్రం ఆమె పాడినవాటన్నిటిలోకీ అదే ఇష్టం. ఎక్కడైతే గొంతు ఆగిపోయిందో, ఆ తర్వాతి మాటని సరిగ్గా దాని చోట్లోనే అందుకుంది. తాళం చేతిలో లేకపోతే అలా కుదరదు.

పోయిన నెల 11న, న్యూయార్క్ దాడులకి ఏడాది నిండిన రోజున, వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గర ఆమె చేత జాతీయగీతం పాడించారు. టీవీ పోటీలో గెలిచిన పిల్లని అలాంటి రోజున పాడించడమేమిటని కొంతమందికి నచ్చలేదు. అది నాకు తప్పనిపించలేదు. గెలిచిన రాత్రి పాడిన ఆ కొత్త పాట రికార్డు ఇప్పుడే అమ్మకానికొచ్చింది, పట్టికలో 52వ స్థానం నుంచి ఒక్క వారంలో మొదటి స్థానానికి ఎగబాకింది. బీటిల్స్ పాట 1964లో 27 నుంచి ఒకటికి వెళ్ళిందే ఇన్నాళ్ళూ పెద్ద గెంతట. తమ్ముడికి చెప్పు, వాడికి ఇలాంటివి ఇష్టం.

పోయిన ఆదివారం ఈయన తనంతట తనే బర్లసన్ తీసుకెళ్ళారు. చూడ్డానికి ఏమీ లేదక్కడ. హైవే పక్కన పెట్రోలు బంకు, రెండు వీధుల దుకాణాలు, ఎండిపోయిన గడ్డి. కాఫీ తాగి వచ్చాం. అయినా ఎందుకో చాలా బాగుంది.

ఇప్పుడు అసలు పని. ఈయన స్నేహితుడొకరు నవంబరు మొదటివారంలో తెనాలి వచ్చి వెళతారు. సున్నుండలూ పచ్చళ్ళూ అంటూ పెట్టె నింపకు, కస్టమ్స్‌లో ఇబ్బంది. నాకొక క్యాసెట్టు పంపు. కొలువు పేరంటానికి పిల్లలు పాడేది కాదు, ఆ చప్పుట్లో ఏమీ వినపడదు. మధ్యాహ్నం నాన్నగారు పడుకున్నాక, వీధి తలుపు వేసుకుని, హార్మోనియం ముందు పెట్టుకుని నువ్వొక్కదానివే పాడాలి. సరళీస్వరాలు, జంటలు, గీతాలు. ఒకటో కాలం, రెండో కాలం, మధ్యలో నేను అందుకోడానికి ఖాళీ వదిలి. నీ శ్రుతికి కాదు, నా శ్రుతికి. నా గొంతుకి సరిపడే శ్రుతి ఐదున్నర అనేదానివి. ఇప్పుడు అరశ్రుతి దిగి ఉంటుందేమో, అయినా ఐదున్నరకే పాడు.

తొంభై నిమిషాల క్యాసెట్టు కొను, రెండో వైపు కూడా నింపు.

నీ పెద్దమ్మాయి