బొగ్గు రవాణా ఛార్జీ కరెంటు బిల్లులో కనిపించాలి

సంపాదకులకు,

మా జిల్లా నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు నిల్వలు తగ్గాయని వార్త వచ్చినప్పుడల్లా గనుల ఉత్పత్తి గురించీ, ఓడల రాక గురించీ చర్చ జరుగుతుంది గానీ, ఆ బొగ్గును మోసినందుకు రైల్వే ఎంత తీసుకుంటోందన్న ప్రశ్న ఎవరూ వేయరు. 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న ఈ కేంద్రానికి ఒడిశాలోని తాల్చేరు ప్రాంతపు బొగ్గు పారాదీప్ దాకా రైల్లో, అక్కడి నుంచి కృష్ణపట్నం దాకా ఓడలో వస్తుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు రేటు తగ్గడం రైల్వే టారిఫ్ పద్ధతి కనుక, గని నుంచి రేవు వరకు సాగే ఈ చిన్న ప్రయాణానికి కిలోమీటరు లెక్కన ఎక్కువే పడుతుంది.

అసలు చిక్కు తూకంలో ఉంది. రైల్వే ఛార్జీ కట్టేది టన్ను బరువుకే తప్ప అందులోని వేడికి కాదు. 58 వ్యాగన్ల గూడ్సు రైలు (రేక్) ఒకటి సుమారు నాలుగు వేల టన్నులు మోస్తుందనుకుంటే, బూడిద శాతం 35 నుంచి 40 దాకా ఉండే బొగ్గులో దాదాపు 1,400 నుంచి 1,600 టన్నులు మండని సరుకే. దానికీ బొగ్గుతో సమానంగా కిరాయి కట్టి తెచ్చి, చివరకు బూడిద చెరువులో పోస్తున్నాం. ఆ చెరువు దుమ్ము గాలికి లేస్తే మింగేది మళ్లీ ఈ కేంద్రమున్న ముత్తుకూరు మండలం వాళ్లే. దూరప్రాంత కేంద్రాలకు వెళ్లే బొగ్గులో బూడిద 34 శాతం మించకూడదని 2014లో పెట్టిన నిబంధనను కేంద్ర ప్రభుత్వం 2020 మే నెలలో ఎత్తివేసింది. గని దగ్గరే బొగ్గును శుభ్రం చేయాలన్న ఒత్తిడి ఆ మేరకు తగ్గింది.

రైల్వే మోసే సరుకులో దాదాపు సగం బొగ్గే. 2018 నవంబరులో బొగ్గు, ఇనుప ఖనిజం వంటి వాటి రవాణా ఛార్జీని 8.75 శాతం పెంచినప్పుడు ఆహారధాన్యాలకు, ఎరువులకు మినహాయింపు ఇచ్చారు. అది సబబే. బొగ్గుకు మాత్రం లారీల్లో అంత సరుకు తరలించే దారి లేదు గనుక, ఎంత వేసినా కట్టక తప్పదు. ఆ రాబడితోనే ప్రయాణికుల టికెట్ల నష్టాన్ని పూడ్చుకుంటున్నారు. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే రాబడుతున్నామని టికెట్ల మీద అచ్చువేసి మరీ చెప్పింది రైల్వే. మిగతా 43 శాతంలో ఎక్కువ భాగం ఏ సరుకు నుంచి రాబడుతున్నారో అక్కడ అచ్చువేయలేదు. నెల్లూరు నుంచి చెన్నైకి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులకు చౌక టికెట్టు వద్దని నేననడం లేదు. అయితే రైలెక్కని పిండిమిల్లు యజమాని కూడా తన కరెంటు బిల్లులో దానికి వాటా కడుతున్నాడన్న సంగతి అతనికి తెలియాలి కదా.

ఇప్పుడు బిల్లులో ఇంధన సర్దుబాటు (ఇంధన ఖర్చు పెరిగినందుకు వేసే అదనపు ఛార్జీ) కింద ఒకే అంకె కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వేసుకోవడానికి డిస్కంలకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలకు, అనుమతి లభించింది. ఆ అంకెలో గని ధర ఎంత, రైలు కిరాయి ఎంత, ఓడ, రేవు ఖర్చులు ఎంత అన్నది విడగొట్టి కనీసం మూడు నెలలకోసారి ప్రకటించాలని, టన్ను లెక్కతోపాటు యూనిట్ లెక్కన కూడా చూపాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి డిస్కంలను, విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోను ఆదేశించాలి. రవాణా బిల్లులు జెన్‌కో దగ్గర ఎలాగూ ఉంటాయి గనుక, ఇందుకు కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు.

— ఒక విద్యుత్ వినియోగదారు, వెంకటాచలం, నెల్లూరు జిల్లా