పొలిమేర దాటే ట్రాలీకి నంబరు ఏది?

ఎడిటర్ గారికి,

పత్తి కాలంలో ఆదోని మార్కెట్ యార్డు దారుల్లో మన ఏపీ ట్రాక్టర్లూ, సిరుగుప్ప, బళ్లారి వైపు నుంచి వచ్చే కేఏ ట్రాక్టర్లూ కలిసే తిరుగుతాయి. ట్రాక్టరు ముందర నంబరు బాగానే కనిపిస్తుంది. వెనకకు వెళ్లి ట్రాలీని చూస్తే దేవుడి పేరు ఉంటుంది, పిల్లల పేర్లు ఉంటాయి, తామరపువ్వు బొమ్మ కూడా ఉంటుంది. నంబరు ఉండదు. ఉన్నా చాలా వాటికి అది ట్రాక్టరు నంబరే, పెయింటుతో రాయించింది.

అలంపూర్ చౌరస్తా వైపు తెలంగాణలోకి వెళ్లినా, ఆలూరు, రాయదుర్గం దారుల్లో కర్ణాటకలోకి వెళ్లినా రైతుల భయం ఒక్కటే: “అవతల వాళ్లు అక్కడి నంబరు కావాలంటారేమో.” అనరు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితేనే 47వ సెక్షన్ కింద అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. సరుకు దించి వారంలో తిరిగొచ్చే బండికి ఆ గొడవే లేదు. కాబట్టి రెండో నంబరు గురించి దిగులు వద్దు. మన ట్రాలీకి అసలు మొదటి నంబరే లేదు, సమస్యంతా అక్కడుంది.

చట్టంలో ‘మోటారు వాహనం’ అనే నిర్వచనంలోనే ట్రైలర్ (అంటే మన ట్రాలీ) కూడా ఉంది. ఇంజిన్ లేదు కదా అంటే కుదరదు. ట్రాక్టరుకు ఒక ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్), ట్రాలీకి వేరే ఆర్‌సీ, వేరే నంబరు. ఇందులో న్యాయం కూడా ఉంది. ఊళ్లో ఒకరి ట్రాలీని నలుగురి ట్రాక్టర్లు లాగుతాయి. ఈరోజు ట్రాలీ మీద రాసిన నంబరు ఒక ట్రాక్టరుది, ముందు కట్టిన ట్రాక్టరు ఇంకొకరిది అయితే, ప్రమాదం జరిగిన రాత్రి ఎవరి నంబరు రాసుకోవాలి? ట్రాక్టరు నంబరు కూడా వెనక రాసుకుంటే రాసుకోండి, అది ట్రాలీ నంబరుకు బదులు మాత్రం కాదు.

రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కిస్తే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా. మళ్లీ దొరికితే 5,000 నుంచి 10,000, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. జరిమానా కంటే ఇబ్బంది 207వ సెక్షన్‌తో వస్తుంది. రిజిస్ట్రేషన్ లేని బండిని అధికారులు అక్కడికక్కడే ఆపి ఉంచుకోవచ్చు. పొరుగు రాష్ట్రంలో, భాష రాని స్టేషన్ ఆవరణలో, పత్తి లోడుతో ఆగిపోతే మార్కెట్ ధర మన కోసం కాచుకుని ఉండదు.

బీమా సంగతి ఇంకా పెద్దది. ట్రాక్టరు పాలసీ తీసుకున్నంత మాత్రాన ట్రాలీకి వర్తించదు. ట్రాలీకి విడిగా ప్రీమియం కట్టాలి, దాని నంబరో ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) నంబరో పాలసీ కాగితంలో కనిపించాలి. అది లేకపోతే ట్రాలీ కింద పడి ఎవరైనా చనిపోయినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, పరిహారం భారం యజమాని పొలం మీద పడుతుంది. థర్డ్ పార్టీ బీమా లేకుండా నడిపితే 196వ సెక్షన్ జరిమానా మొదటిసారి 2,000, తర్వాత 4,000. పొలం పనికని తీసుకున్న పాలసీతో కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని పొరుగు జిల్లాలకు వెళ్లేవాళ్లు ఒకసారి ఆ కాగితం పూర్తిగా చదివించుకోవాలి.

కొత్త ట్రాలీ కొనేటప్పుడు డబ్బులిచ్చే ముందే ఛాసిస్ చూడండి. వెల్డింగ్ షాపులో చేయించిన ట్రాలీల్లో చాలా వాటికి ఛాసిస్ నంబరు కొట్టి ఉండదు. ఆ నంబరు లేకపోతే రిజిస్ట్రేషన్ ముందుకు సాగదు, పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) తీయడానికే ఏమీ ఉండదు. అమ్మినవారి దగ్గర ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకు తగినదని తయారీదారు ఇచ్చేది) తీసుకోవాలి. వాటితో ఫారం 20 దరఖాస్తు, బీమా, చిరునామా రుజువు జతచేసి ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లాలి. ఆర్‌సీ వచ్చాక మూడు చూడండి: వాహనం రకం ట్రైలర్ అని ఉందా, ఛాసిస్ నంబరు ఇనుము మీద ఉన్నదానితో అక్షరం అక్షరం కలుస్తోందా, లోడుతో కలిపి బరువు ఎంత రాశారు. ఆ బరువు మించితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఫోన్‌లో డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌ల్లోని కాగితాలు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతాయి. ట్రాక్టరు ఆర్‌సీ చేర్చుకుని ట్రాలీది మరిచిపోతుంటారు, దాన్ని విడిగా చేర్చుకోవాలి.

పాత ట్రాలీ కొనేవాళ్లకు ఒక చిక్కు ఉంది. నంబరు ఏపీ 21 అయితే కర్నూలు, ఏపీ 02 అనంతపురం, ఏపీ 04 కడప. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. గద్వాల వైపు నుంచి తెచ్చిన ట్రాలీ మీద ఏపీ 22 అని ఉంటే ‘ఏపీ బండే కదా’ అని కొనేస్తున్నారు. అది పాత మహబూబ్‌నగర్ నంబరు, దాని రికార్డు ఇప్పుడు తెలంగాణ దగ్గర ఉంటుంది. అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెస్తేనే ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరు, ఫారం 29, 30తో పేరు మార్పు అవుతాయి. అమ్మినవాడు ఫోనెత్తే రోజుల్లోనే ఆ పని ముగించుకోవాలి.

కిరాయికి నాపరాయి, ఇసుక, ఇటుక తోలేవాళ్ల లెక్క వేరు. అది రవాణా వాహనం, పసుపు ప్లేటు, పన్ను, పొరుగు రాష్ట్రంలో చెల్లే పర్మిట్ అన్నీ ఉండాలి. తెల్ల ప్లేటుతో బేతంచెర్ల బండలు గద్వాలకు తోలితే ఏ రైతు సంఘమూ కాపాడలేదు.

ఇక ప్లేటు బిగించడం. ట్రైలర్‌కు హై సెక్యూరిటీ ప్లేటు కొలత 340 × 200 మిల్లీమీటర్లు. అక్షరాలు 65 మి.మీ. ఎత్తు, 10 మి.మీ. మందం, మధ్య ఖాళీ 10 మి.మీ. ఇంగ్లిష్ అక్షరాలు, మామూలు అంకెలే వాడాలి. చాలామంది దాన్ని వెనక తలుపుకు బిగిస్తారు. పత్తి బోరాలు ఎక్కువ ఎక్కించాలని ఆ తలుపు విప్పి కల్లంలో పెట్టి బయలుదేరుతారు, నంబరు కూడా కల్లంలోనే ఉండిపోతుంది. ఛాసిస్ వెనక అడ్డ ఇనుముకు పట్టీ వెల్డింగ్ చేయించి దానికి స్నాప్ లాక్ (ఒకసారి వేస్తే విప్పలేని బిగింపు) వేయించండి. గడ్డి మోపులు వేలాడి ప్లేటును మూసేయకుండా చూసుకోవాలి. లోడు బండి పక్కలకో, వెనకకో బయటికి పొడుచుకొస్తే 194లోనే మరో నిబంధన కింద 20,000 జరిమానా విడిగా ఉంది.

రాత్రి వెనక నంబరు మీద తెల్ల లైటు పడాలి, 15 మీటర్ల దూరం నుంచి చదవగలగాలి. దీనికి ఏడు పిన్నుల సాకెట్ పెట్టించడం మేలు. వైర్ల రంగులు సాధారణంగా ఇలా ఉంటాయి: పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఎరుపు బ్రేక్ లైటు, గోధుమ రంగు కుడి టెయిల్ లైటు, నలుపు ఎడమ టెయిల్ లైటు, తెలుపు ఎర్త్. నంబరు లైటును టెయిల్ వైరు నుంచే తీయాలి. మన మెకానిక్కులు ఎర్త్ వైరు మానేసి కొక్కెం పిన్ను ద్వారానే కరెంటు తిరిగొస్తుందని వదిలేస్తారు. పిన్నుకు గ్రీజు, తుప్పు పట్టగానే లైట్లన్నీ మసకబారతాయి, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మిణుకుతుంది. తెల్ల వైరు విడిగా లాగితే ఆ రోగం పోతుంది. మలుపులో బిగుసుకుని తెగకుండా కేబుల్‌కు కొంచెం వదులు ఉంచాలి, నేలకు రాసుకునేంత మాత్రం కాదు.

పడవల వాళ్లకు కూడా ఇదే చట్టం. సంగమేశ్వరం గట్టు నుంచి చూస్తే కృష్ణ అవతల తెలంగాణలోని సోమశిల ఎదురుగానే ఉంటుంది. శ్రీశైలం నీళ్లు తగ్గాక పడవను రోడ్డు మీద అటు చేర్చాలంటే కర్నూలు, అలంపూర్ చౌరస్తా, పెబ్బేరు, కొల్లాపూర్ చుట్టి పోవాలి. పడవను లారీలోకి ఎక్కిస్తే అది సరుకు. చక్రాల బండి మీద కట్టి జీపుతో లాగితే ఆ బండి ట్రైలర్, దానికి నంబరు కావాలి. పడవ పక్కన రాసిన నంబరు పడవదే, రోడ్డు మీద దానితో పని జరగదు. పడవ వెనక భాగం, ఇంజిన్ బండి కంటే బయటికి వచ్చి ప్లేటును, లైట్లను కప్పేస్తాయి. అందుకే ప్లేటు పట్టీని పడవ చివరిదాకా పొడిగించి బిగించాలి. నీళ్లలోకి దించే ముందు సాకెట్ తీసేయాలి, వెలుగుతున్న బల్బు చల్లని నీటిలో మునిగితే పగులుతుంది. దూరం నడిచి వేడెక్కిన చక్రాల బేరింగులు వెంటనే నీళ్లలో మునిగితే లోపలికి నీరు పీల్చుకుంటాయి. చేత్తో తాకి చల్లబడ్డాకే దించాలి, వారం లోపు గ్రీజు మార్చాలి.

రవాణా శాఖకు ఒక విన్నపం. ఆదోని, కర్నూలు, అనంతపురం యార్డుల్లో పత్తి, వేరుశనగ రాకముందే, అంటే సెప్టెంబరులోనే, ట్రాలీల రిజిస్ట్రేషన్‌కు శిబిరాలు పెట్టండి. ఛాసిస్ తనిఖీ యార్డులోనే చేస్తే రైతు ట్రాలీని లాక్కుంటూ జిల్లా కేంద్రం దాకా రానక్కర్లేదు. ఛాసిస్ నంబరు కొట్టకుండా, ఫారం 21, 22 ఇవ్వకుండా ట్రాలీలు అమ్మే షాపులను ముందు పట్టుకోండి, రైతును తర్వాత ఆపండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు