మీ శుభలేఖలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

ఈ శ్రావణంలో పదకొండు ఇళ్ల శుభలేఖలు చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయాను. తొలి కార్డు కొండకు తీసుకెళ్దామని బయల్దేరి వచ్చిన ఒక కుటుంబాన్ని ఉత్త చేతులతో పంపించాను. అడిగిన వాళ్లందరికీ శివకాశి నుంచి కార్డుల సరుకు రాలేదనే చెప్పాను. అది సగమే నిజం. లోడు రెండుసార్లు లేటయింది, గంధం రంగు అడిగితే నిమ్మపండు పసుపు పంపారు. ఫోన్ ఎత్తరు, ఎత్తితే అరవంలో ‘నాళైకి’, అంటే రేపు, అంటారు. ఆ నాళై ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనిచేసే మా మేనల్లుడు, "ఒక రోజు షాపు మూసి అందరూ కూర్చోండి మామా" అన్నాడు. ముహూర్తాల సీజన్లో మూయడమా! మా నాన్న గంగ జాతర చివరి రోజు తప్ప షట్టర్ దించి ఎరగడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి ఒక మంగళవారం మూశాను.

ఒక ఆర్డరు మొదటి నుంచి చివరిదాకా ఎక్కడెక్కడ నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో గీసి చూడటాన్ని వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ అంటారట, టయోటా వాళ్ల దగ్గర మొదలైందట. గోడకు చార్టు అంటించి, లేటైన ఒక ఆర్డరు తీసుకుని డెలివరీ నుంచి వెనక్కి నడిచాం. పని ఎలా జరగాలో కాదు, ఎలా జరుగుతోందో పెన్సిల్‌తో రాయాలి. ఎవరి పని వాళ్లే రాయాలి, నేను నోరెత్తకూడదు. ఒక్కో మెట్టు కింద రెండు అంకెలు: చేయి పడిన టైము, ఊరికే పడి ఉన్న టైము.

చేయి పడింది మొత్తం 5 గంటలు. పట్టింది 9 రోజులు. అందులో శివకాశి వాటా 3 రోజులు, మీరు ప్రూఫ్ (అచ్చుకు ముందు ఇచ్చే నమూనా) చూసి చెప్పడానికి 2. మిగతా 4 రోజులూ నా టేబుల్ మీదే. ‘అన్న చూడాలి’ అని, అంటే నేనే చూడాలని, చార్టులో మూడు చోట్ల ఉంది, మూడు చేతిరాతల్లో.

నాకు తిక్క రేగింది. ఎందుకు చూస్తానో వీళ్లకు తెలీదా? శుక్రవారం అర్ధరాత్రి దాటాక ముహూర్తమైతే పంచాంగానికి అది ఇంకా శుక్రవారమే, క్యాలెండర్‌కు శనివారం. ‘తెల్లవారితే శనివారం’ అన్న ముక్క వదిలేస్తే చుట్టాలు పెళ్లయిపోయాక దిగుతారు.

సరే, ఇకపై ప్రూఫులు డీటీపీ చేసే అమ్మాయే ఓకే చేస్తుంది. ముహూర్తం లైను మాత్రం నేనే చూస్తాను, ఎవరేమన్నా సరే. అదీ పొద్దున తొమ్మిదిలోపే. కార్డులకు ఇంకో వ్యాపారిని కూడా మాట్లాడాను. ఆ పదకొండు ఇళ్లకూ కవర్ల డబ్బు వాపసు ఇస్తున్నాను, వచ్చి తీసుకోండి.

చార్టు కౌంటర్ వెనకే ఉంది, చూడొచ్చు. నా టేబుల్ చుట్టూ ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టింది ఎవరో మాత్రం ఇంతవరకు ఒప్పుకోలేదు.